నాది కర్కాటక రాశి

నేను ఒక ఆటల డబ్బాను. టీవీకి తగిలించి, మీటలు నొక్కి, తెర మీద బండ్లు పరుగెత్తిస్తారే, ఆ జాతి. నా నెత్తిన ఏదో ఇంగ్లీషు పేరు చెక్కి ఉంది గానీ, రాజమండ్రి ఆర్యాపురంలో దాన్ని పలికిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ నేను డబ్బానే. ఆ పిలుపు పుణ్యమా అని నాకొక రాశి కూడా దక్కింది. ఆ ముచ్చట తరవాత చెబుతాను. ముందు మీ మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. నన్ను చూసిన ప్రతివాడికీ ఒకటే సరదా, నేను ఎప్పుడు పోతానో చెప్పడం.

నేను పుట్టిన ఫ్యాక్టరీలోనే మొదలైంది ఈ వరస. నెత్తికి టోపీలు, చేతులకు తెల్ల తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నా పేగులూ నరాలూ సర్దుతున్నారు. అద్దాల గదిలో టై కట్టుకున్న పెద్దలు కూర్చుని, ఇక ఇలాంటి డబ్బాలు ఎవరూ కొనరని, ఇదే ఆఖరు కాన్పని తేల్చేశారు. అప్పటికి నాకు మూత కూడా బిగించలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. నా విషయంలో పుట్టుక పూర్తికాకముందే పెద్దకర్మకు ముహూర్తం పెట్టేశారు.

ఓడెక్కి మద్రాసు చేరాను. అక్కడి బజారులో నన్ను అమ్మినవాడు కూడా "ఇదే చివరి సరుకు సార్, వచ్చే ఏడాదికల్లా అంతా కంప్యూటర్లే" అని బెదిరించి రాజమండ్రి డాక్టరుగారికి అంటగట్టాడు. డాక్టరుగారి ఇద్దరు కొడుకులూ నన్ను కొన్నాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. మార్కులు తగ్గితే నేరం నాది, పెరిగితే ఘనత ట్యూషన్ మాస్టారిది. తరవాత కొత్త రకం డబ్బా వచ్చింది, నేను అటక ఎక్కాను. పాత పరుపుల మధ్య, మూకుళ్ల పక్కన పడి ఉంటే నా పొట్టలో చీమలు కాపురం పెట్టాయి. ఎంతమంది జోస్యం చెప్పినా చావని నేను చీమల చేతిలో పోతానా అని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆ అటక మీంచి నన్ను దించింది వాగ్దేవి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఊళ్లో టీవీలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసేది. డాక్టరుగారింట్లో ఫ్యాను రెగ్యులేటరు చూడటానికి వచ్చి, అటక మీద నా తోక కనిపిస్తే లాగింది. మూత విప్పి, పెయింటు బ్రష్షుతో చీమల సంసారం మొత్తం మర్యాదగా సాగనంపింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "పట్టుకుపోమ్మా, మా అటక ఖాళీ అవుతుంది" అన్నారు డాక్టరుగారి భార్య. అంత వైభవంగా జరిగాయి నా అప్పగింతలు.

వాగ్దేవి తండ్రి యజ్ఞనారాయణ సిద్ధాంతిగారు. ఊళ్లో సగం పెళ్లిళ్లకు ముహూర్తాలు పెట్టిన మనిషి. ఆయనలో ఒకటే లోపం, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారు. "ఈ ఏడు మీవాడికి ఉద్యోగం రాదండీ" అని మొహం మీదే అనేస్తారు. తియ్యగా చెప్పే సిద్ధాంతులు పక్క వీధిలో ఉండగా జాతకం చెప్పించుకోవడానికి ఈయన దగ్గరికి ఎవరొస్తారు? తల్లి లేని వాగ్దేవికి మాత్రం ఆ నోరంటే ప్రాణం. ఊరందరి జాతకాలూ కలిపిన తండ్రి తెచ్చిన సంబంధాలన్నీ ఆమె తిప్పికొట్టింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వీధిలో వాళ్లు అనుకున్నారు. తండ్రి మాత్రం ఎందుకని ఒక్కసారే అడిగి వదిలేశారు.

వీధి గదిలో గేమ్స్ షాపు పెడతానంటే ఆయన ముహూర్తం చూసి ఇచ్చారు. నాతోపాటు మరో నాలుగు డబ్బాలను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి, బాగుచేసి వరసగా పెట్టింది. తీరా ఘడియ వచ్చేసరికి కరెంటు పోయింది. వాగ్దేవి మొహం చిన్నబోయింది. "నొక్కవే మీట. నొక్కడం మన పని, వెలగడం దైవాధీనం" అన్నారు సిద్ధాంతిగారు. ఆమె చీకట్లోనే నొక్కింది. కరెంటు సాయంత్రానికి వచ్చింది గానీ, ముహూర్తం మాత్రం ఘడియ తప్పకుండా జరిగిపోయింది.

పిల్లలు వచ్చారు చూడండి, గుమ్మం పట్టనంతమంది! ఒక్కో డబ్బాకు ఇద్దరు కూర్చుంటే వెనక మరో నలుగురు నిలబడి సలహాలిచ్చేవారు. ఆ ఉగాదికి సిద్ధాంతిగారు గుళ్లో పంచాంగ శ్రవణం ముగించుకుని ఇంటికొస్తే అరుగు మీద పిల్లలు చుట్టుముట్టారు. వాళ్లలో నూకరాజు అనే గట్టిపిండం ఒకడు. "సిద్ధాంతిగారండీ, మా డబ్బాకి ఎలా ఉందండీ ఈ ఏడు?" అన్నాడు. ఆయన కోప్పడతారేమోనని వాగ్దేవి తలుపు చాటున నిలబడింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, "పుట్టిన వేళ తెలియనివాళ్లకి పిలిచే పేరును బట్టి రాశి చెబుతాంరా. డబ్బా అంటున్నారుగా. 'డ' అక్షరం పుష్యమి నాలుగో పాదం. మీ డబ్బాది కర్కాటక రాశి" అని తేల్చి, ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అన్నీ చదివి వినిపించారు. ఆదాయం పద్నాలుగు అనగానే పిల్లలు ఈలలు వేశారు.

అప్పటి నుంచి ఏటా ఉగాదికి అదొక ఆచారమైంది. ప్రపంచంలో ఏ అంగట్లోనైనా నా జాతి భవిష్యత్తును లెక్కలేసి, గీతలు గీసి చెప్పేవాళ్లుంటారట. వాళ్లకు తెలియని సంగతి, మాకు పుష్యమి నక్షత్రమని! సిద్ధాంతిగారు మాకోసమని అంకెలు మార్చేవారు కాదు. అందరి కర్కాటకానికి ఏది ఉంటే మాకూ అదే. అరచేతిలో పట్టే ఫోన్లలోకి ఆటలు దిగిన ఏడాది ఆయన నావైపు చూసి, "ముందుంది ముసళ్ల పండుగ" అన్నారు. పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆయన వేళాకోళానికి అనరని నాకు తెలుసు.

ఆ ముసళ్లు ఆయన్నీ వదల్లేదు. వర్జ్యం ఎప్పుడో, దుర్ముహూర్తం ఎప్పుడో ఫోనే చెబుతుంటే ఆ గుమ్మం ఎక్కేదెవరు? ముహూర్తాల కోసం వచ్చేవాళ్లూ ఆటల కోసం వచ్చేవాళ్లూ ఒకే గుమ్మంలోంచి పలచబడుతూ వచ్చారు.

ఒక శ్రావణమాసంలో, పూజ గదిలోంచి లేవబోతూ సిద్ధాంతిగారు కూలబడిపోయారు. పక్షవాతం. కుడిచెయ్యి చచ్చుబడింది, మాట ముద్దకట్టింది. బల్లి ఊరందరికీ శకునం చెప్పి తాను కుడితి తొట్టిలో పడ్డట్టుందని వీధి చివర ఎవరో అన్నారు. అది వాగ్దేవి చెవిన పడింది. ఆ రోజు షాపు తెరవలేదు.

చేతికి పని చెప్పాలి, నోటితో మాట్లాడించాలి, అలా చేస్తే చాలావరకు తిరిగొస్తుందన్నారు డాక్టర్లు. అయితే ఆయన సహకరిస్తేనా! రబ్బరు బంతి పిసకమని ఇస్తే ఎడంచేత్తో విసిరికొట్టారు. మాట అసలే లేదు. పలికితే వంకరగా వస్తుందని, పలకడమే మానేశారు. ఇన్నేళ్లు నోటిమాట మీద బతికిన మనిషికి అదొక అవమానం. అన్నం కావాలన్నా కళ్లతోనే, వద్దన్నా కళ్లతోనే. వాగ్దేవి ఎదురుగా కూర్చుని గంటలకొద్దీ మాట్లాడేది, జవాబు రాకపోతే తానే కల్పించుకుని నవ్వేది. తరవాత షాపులోకి వచ్చి నా వెనక వైర్లు సర్దుతున్నట్టు వంగి, కళ్లు తుడుచుకునేది. ఆ చెయ్యి నామీద ఉన్నప్పుడు నాకు ఒక్క మాట మాట్లాడే వరం ఉంటే బాగుండుననిపించేది.

అలాంటి రోజుల్లో నూకరాజు వచ్చాడు. ఇప్పుడతనికి మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ల కొట్టు. మంచివాడే. గుమ్మంలో చెప్పులు విడిచి, పాత అలవాటు కొద్దీ నా ముందే కూర్చున్నాడు.

"డబ్బాల పని అయిపోయిందండి అక్కా. ఇక ముందు ఇంట్లో పెట్టె కూడా అక్కర్లేదంట, ఆట గాల్లోంచి దిగుద్దంట. ఇప్పుడైతే పాత వస్తువులు దాచుకునే పిచ్చోళ్లు ఉన్నారు, నేను మంచి ధర ఇప్పిస్తాను. ఇంకో ఏడాది పోతే తూకానికే అండి."

"నువ్వూ జోస్యాలు మొదలుపెట్టావురా?" అంది వాగ్దేవి. లోపలి గదికి వినపడేలా గొంతు పెంచింది. "ఉగాదికి నాన్నగారు ఫలం చెబుతారు. ఆయన అమ్మమంటే అన్నీ నీకే ఇచ్చేస్తాను. ఉంచమంటే ఉంచుతాను. ఆయన చెప్పేదాకా ఒక్కదాన్నీ కదపను."

నూకరాజు బిత్తరపోయాడు. "సిద్ధాంతిగారు మాట్లాడటంలేదు కదండీ."

"మాట్లాడతారు. ఇన్నేళ్లలో నేను అడిగితే చెప్పనిది ఏదైనా ఉందా?"

లోపల మంచం కిర్రుమంది. ఆమె మొండితనం చూసి నాకు భయమేసింది. షాపు సంగతి అటుంచండి, ఉగాదినాడు ఆయన నోరు విప్పకపోతే ఈ పిల్ల ఏమైపోతుంది?

మర్నాడు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నా ముందుకు తెచ్చింది. జాయ్‌స్టిక్ కుడిచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటిగా మీటల మీద సర్దింది. ఆయన దాన్ని విసిరికొట్టలేదు. గోడ గడియారం వైపు చూసి, ఎడంచెయ్యి అడ్డంగా ఊపారు. ఆమెకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. వర్జ్యం నడుస్తోందట! వర్జ్యం వెళ్లేదాకా తండ్రీకూతుళ్లు ఖాళీ తెర చూస్తూ కూర్చున్నారు. నా జన్మలో అంత శాస్త్రోక్తంగా నాతో ఎవరూ ఆడలేదు.

రెండో జాయ్‌స్టిక్ వాగ్దేవి పట్టుకుంది. కార్ల పందెం మొదలైంది. బండ్లన్నీ ఎడమకు తిరిగి రివ్వున పోయాయి. సిద్ధాంతిగారి బండి కదల్లేదు. ఆయన బొటనవేలు వణుకుతూ, జారుతూ, మళ్లీ ఎక్కుతూ బండిని మెల్లగా వెనక్కి తిప్పింది. అందరూ పోయే దారికి ఎదురు! వచ్చిన బండినల్లా గుద్దుకుంటూ కుడివైపుగా బయలుదేరారు.

"అటు కాదు నాన్నగారూ, ఇటు. అందరూ ఎడమకే వెళ్తున్నారు కదా, మీరెందుకు వెనక్కి తిప్పారు?"

ఇంత చదివించినా కూతురికి ఈపాటి తెలియదా అన్నట్టు ఆయన ఆమెవైపు చూశారు. పెదవులు ఒకవైపుకు లాగాయి. మెడ నరాలు ఉబ్బాయి.

"అ… ప్ర… ద… క్షి… ణం" అన్నారు.

వాగ్దేవి చేతిలోని జాయ్‌స్టిక్ ఒళ్లో పడిపోయింది. 'అమ్మా' అనో 'నీళ్లు' అనో రావాల్సిన మొదటి మాట! నోరు బాగున్నవాళ్లకే తిరగని మాటను, కూతురి తప్పు దిద్దడానికి ఆయన కూడబలుక్కుని పలికారు. "అవును కదా! బుద్ధి లేదు నాకు" అని ఆమె తన బండిని కూడా వెనక్కి తిప్పింది. అంతే, ఆ రోజు నుంచి నా తెర మీద రెండు బండ్లు ప్రదక్షిణం చేస్తూ, ప్రపంచంలోని మిగతా బండ్లన్నిటినీ గుద్దుకుంటూ తిరిగాయి. గెలుపన్నది లేనేలేదు. కార్తీకం వచ్చేసరికి "తప్పుకో" అన్నమాట వచ్చింది. సంక్రమణం దాటాక "దొంగవెధవ" అని ఎదుటి బండిని తిట్టారు. వాగ్దేవి ఆ తిట్టుకి మురిసిపోయి పాయసం వండింది.

ఉగాది వచ్చింది. గుళ్లో పంచాంగం ఆ ఏడు ఇంకెవరో చదివారు. మా అరుగు మీద చాప పరిచారు. నూకరాజు వచ్చాడు, మీసాలొచ్చిన పాత పిల్లలు కొందరు వచ్చారు. సిద్ధాంతిగారు పంచాంగం కుడిచేత్తోనే పట్టుకున్నారు. పుస్తకం వణికింది గానీ జారలేదు.

"కర్కాటకం… ఆదాయం ఐదు. వ్యయం… ఐదు."

ఐదుకి ఐదు, ఎటు కావాలంటే అటు చెప్పుకోవచ్చు. కూతురి షాపు నిలబెట్టే మాట ఒక్కటి అంటే చాలు. ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు. అబద్ధమాడమని నేను లోలోపల ఎంత వేడుకున్నానో!

"అమ్మేయవే" అన్నారు. "పిల్లలు… రారు. వాళ్ల తప్పు కాదు, కాలం. అంగడి… నిలవదు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "డబ్బా… మాత్రం పోదు. పక్కపక్కన… ఇద్దరు కూర్చునే ఇల్లు… ఉన్నంతకాలం… ఒకటి ఉంటుంది." పుస్తకం ఒళ్లో పెట్టి, వణికే కుడిచేతి వేలు నావైపు చూపించారు. "దాన్ని… ఇవ్వకు."

నూకరాజు తల వంచుకున్నాడు. "వద్దులెండి అక్కా, ఇంకో ఏడాది చూద్దామండి" అన్నాడు మెల్లగా. వాగ్దేవి అతని మాట విన్నట్టు లేదు. షాపు పోతున్నదన్న దిగులు ఆ మొహంలో వెతికినా కనపడలేదు.

"నాన్నగారూ, మళ్లీ చెప్పండి" అంది.

"వినపడలేదా?"

"వినపడింది. మళ్లీ చెప్పండి."

ఆయన కళ్లజోడు సవరించుకుని, కర్కాటకం దగ్గర నుంచి అంతా మళ్లీ చెప్పారు.

నా తోటి డబ్బాలు నాలుగూ నూకరాజు ఆటోలో వెళ్లిపోయాయి. వాటిని సాగనంపినప్పుడు నాకు దుఃఖం కలిగింది, దాచుకోను. వీధి గది ఇప్పుడు మళ్లీ ఉత్త గది. వాగ్దేవి ఓ మూల బల్ల వేసుకుని ఊళ్లో ఇన్వర్టర్లు బాగుచేస్తోంది. సాయంత్రం పని కట్టేసి, గడియారం చూసి, వర్జ్యం లేదని తేల్చుకుని తండ్రి పక్కన చాప మీద కూర్చుంటుంది. నాకు రెండు చిల్లులున్నాయి, రెండింటికీ జాయ్‌స్టిక్‌లు తగిలిస్తారు. ఆయన "కానీ" అంటారు, మేం కుడివైపుకి బయలుదేరతాం.