మంద వెనక మనిషి

నలభై ఏళ్లొచ్చినా తిప్పయ్య గొర్రెల తోకలు తప్ప మొహాలు చూసి ఎరగడని ఊళ్లో వాళ్లు ఆటపట్టించేవారు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ అతను మంద వెనకే నడిచాడు.

ముదిగుబ్బ దాపున ఉన్న ఆ ఊళ్లో గొర్రెలు కాసే కురుబలు ఏటా శివరాత్రి దాటగానే అందరి గొర్రెలనూ ఒకే మందగా కలిపి, తాడిపత్రి మీదుగా కర్నూలు కాలవ కింది పల్లెలకు తోలుకుపోయేవారు. తొలకరి ముంగారు వానలు పడి ఇక్కడ ఇంత పచ్చిక లేస్తే తిరిగొచ్చేవారు. మందకు ముందు ఒకరు, వెనక ఒకరు. ముందు నడిచేవాడు పిలుస్తాడు, మంద అతని గొంతును నమ్ముకుని కదులుతుంది. వెనకవాడు కుంటేవాటినీ, దారిలో ఈనేవాటినీ, పక్క చేలల్లో మూతి పెట్టేవాటినీ చూసుకుంటాడు. అయితే వెనకవాడు గొంతెత్తకూడదు. రెండు గొంతులు వింటే మంద రెండుగా చీలిపోతుందని పెద్దల కట్టుబాటు. ఏదన్నా చెప్పాలంటే మంద చుట్టూ తిరిగి వెళ్లి, ముందువాడి పక్కన నిలబడి చెప్పాలి.

చిన్నప్పుడు తిప్పయ్య ఒకసారి ఈ కట్టుబాటు తప్పాడు. కాళ్ల దగ్గర పాము కనపడి కెవ్వున అరిచాడు. మంద చీలి సగం గొర్రెలు ఎవరిదో శెనక్కాయ చేలో పడ్డాయి. చేను యజమాని వచ్చి తిప్పయ్య నాయనను పదిమందిలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లన్నీ దిగమింగి నాయన కొడుకు వైపు తిరిగాడు.

"నీ గొంతు మందకు చేటు రా. బతికినన్నాళ్లూ వెనకనే నడువు, నోరు మూసుకోని."

కోపంలో అన్న మాట. ఉగాదికల్లా ఆ నాయనే మర్చిపోయాడు. తిప్పయ్య మాత్రం దాన్ని పట్టుకుని పెద్దవాడయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, తల నెరిపించుకున్నాడు.

అతని అక్క లక్ష్మక్క మొగుడు గంగప్ప. మందకు ముందు నడిచేది ఆయనే. పెద్ద గొంతు, అంతకంటే పెద్ద నవ్వు. ఏటా ప్రయాణంలో ఏదో ఒక పూట బామ్మర్దిని పిలిచేవాడు.

"ఒరే తిప్పా, ఈపొద్దు నువ్వు ముందు నడువు రా. నేను ఎనక పాటలు పాడుకుంటా వస్తా."

"నాకు చేతగాదు బావా. నన్నిడిసిపెట్టు."

"యాల చేతగాదు? దారి నీకు తెలీదా, బాయిలు తెలీవా?"

"తెలుసు. అయినా నాది ఎనక నడిచే బతుకు."

గంగప్ప నవ్వి ఊరుకునేవాడు. తిప్పయ్యది వినయమని అందరూ అనుకున్నారు. తిప్పయ్య కూడా అదే అనుకున్నాడు. భయానికి వినయమని పేరు పెట్టుకుంటే ఎంత సుఖంగా కాలం గడిచిపోతుందో వేరే చెప్పాలా!

రెండువేల ఒకటిలో, తిరుగు ప్రయాణంలో, తాడిపత్రి ఇవతల నల్లరాళ్ల వంక అనే వాగు దాటుతున్నారు. వంకంతా పొడి ఇసుక. పైన ఎండ కాస్తోంది. ఎక్కడో ఎగువన రాత్రి వాన కురిసిందని వాళ్లకు తెలియదు. గంగప్ప ఒక గొర్రెపిల్లను భుజాన వేసుకుని వంక నడిమధ్యలో నడుస్తూ పిలుస్తున్నాడు. తిప్పయ్య ఇంకా ఇవతలి గట్టు మీద, ఎత్తులో ఉన్నాడు. ఎగువన వంక మలుపు ఉంది. కిందున్న గంగప్పకు ఆ మలుపు అవతల ఏముందో కనిపించదు. తిప్పయ్యకు కనిపించింది. నురుగు, పుల్లలు, చెత్త ముందు తోసుకుంటూ ఎర్రనీళ్లు వస్తున్నాయి.

అతని నోరు తెరుచుకుంది. గొంతు రాలేదు. గొంతుకు బదులు కాళ్లు కదిలాయి. ముప్పై ఏళ్ల అలవాటు, మంద చుట్టూ తిరిగి వెళ్లి చెప్పాలి. చేతులూపుకుంటూ గట్టు వెంబడి పరిగెత్తాడు. గంగప్ప తల తిప్పలేదు, ఎందుకు తిప్పుతాడు? వెనకనుంచి ఎవరూ పిలవలేదు కదా. తిప్పయ్య వంకలోకి దిగేసరికి నీళ్లే ముందు చేరాయి.

గంగప్ప సాయంత్రం దిగువన తుమ్మచెట్ల మొదట్లో శవమై దొరికాడు. తిప్పయ్య ఏమీ దాచుకోలేదు. చూశానని, అరవలేదని అందరి ముందరా ఏడ్చి చెప్పాడు. లక్ష్మక్క విన్నది. అప్పటినుంచి తమ్ముడితో మాట మానేసింది.

మరుసటి ఏడు మంద కదల్లేదు. ముందు నడవడానికి ఎవరూ లేరు. ఆ ఏడు వానా లేదు. గొర్రెలు తుమ్మకాయలు ఏరుకుని తిన్నాయి, అవి అయిపోయాక ఎండుటాకులు తిన్నాయి. ఆ మరుసటి శివరాత్రికి వాటి ఎముకలు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. కసాయి లారీ ఊరి బయట రోజూ వచ్చి నిలబడేది, మీరే తెచ్చి ఇస్తారులే అన్నట్టు.

చెన్నప్ప అనే పెద్దాయన నలుగురిని వెంటబెట్టుకుని తిప్పయ్య ఇంటికి వచ్చాడు.

"ఏమప్పా తిప్పయ్యా, దారి తెలిసినోనివి నువ్వొగనివే మిగిలినావు. ఈ మోకాళ్లతో మెల్లగా మందెంట రాగల్ను గాని ముందు నడవలేను. మంద పోకుంటే జీవాలన్నీ లారీ ఎక్కుతాయి. ముందు నడువు."

"నా చేత గాదు పెద్దప్పా. నేను ముందు నడిస్తే ఏమైతాదో సూసినారు గదా."

"నువ్వు ముందు నడిసింది ఎప్పుడప్పా, మేము చూసేకి?"

తిప్పయ్య తలకాయ అడ్డంగా ఊపుతూ కూర్చున్నాడు. వాళ్లు విసుక్కుని లేచిపోయారు.

తెల్లారి లక్ష్మక్క వచ్చింది. లోపలికి రాలేదు, గడప బయటే నిలబడింది.

"తిప్పయ్యా, నువ్వు అరిచింటే మీ బావ బతికింటాడు. అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు జీవాలకాడ గూడా నోరు మూసుకోని కూచుంటావా?"

"అక్కా, నా గొంతు..."

"నీ గొంతుకేం రోగం? నాయన ఎప్పుడో అన్న మాట పట్టుకోని ఏలాడతాండావు. ఆ మాట నా మొగున్ని తినింది. ఇంగ ఎవర్ని తింటాది?"

వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు, అందుకే తిప్పయ్యకు అంత నొప్పి పుట్టింది.

ఆ సాయంత్రమే మందను గుట్ట కిందికి తోలుకుపోయి పిలవడం మొదలుపెట్టాడు. ఒక్క గొర్రె తల ఎత్తలేదు. అవి ఎన్నడూ వినని గొంతు మరి. దగ్గర కూర్చున్న చెన్నప్ప నవ్వాడు.

"గొర్రెల్ని పిలుస్తాండావా, దగ్గుతాండావా అప్పా?"

తిప్పయ్య మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి గంగప్ప పిలిచినట్టే, అదే సాగదీత, అదే విరుపు. మంద మొత్తం ఒక్కసారి తల ఎత్తింది. ముసలి గొర్రెలు ముందుకు నాలుగడుగులు వేసి, అటూ ఇటూ చూశాయి. గంగప్ప కోసం వెతికాయి. తిప్పయ్యను చూసి మళ్లీ తలలు దించుకున్నాయి. అతనికి దుఃఖం ఆగలేదు. కంబళి మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

గొర్రెలకు నీళ్లు తెచ్చిన లక్ష్మక్క ఆ పిలుపు విన్నది. కుండ కింద పెట్టేసింది.

"ఆయప్ప మాదిరి పిలవద్దు రా. ఆయప్ప గొంతు ఆయప్పతోనే పోయింది. నన్ను మళ్లా మళ్లా సంపొద్దు. పిలిస్తే నీ గొంతుతో పిలువు, చేతగాకుంటే ఊరికే ఉండు."

తన గొంతుతో పిలవడం తిప్పయ్యకు అన్నిటికంటే కష్టమైంది. పొద్దుగూకులూ పిలిచాడు. చేతిలో ఇన్ని తుమ్మకాయలు పెట్టుకుని పిలిచాడు. మొదట ఒక కుంటి గొర్రె వచ్చింది, దారిలో ఎప్పుడూ అతను ఎత్తుకుని మోసేది దాన్నే. దాని వెనక దాని పిల్లలు వచ్చాయి. వారం తిరిగేసరికి మంద వచ్చింది.

బయలుదేరే రోజు అందరినీ కూర్చోబెట్టి తిప్పయ్య ఒకే మాట చెప్పాడు.

"ఎనక నడిచేటోళ్లు ఏమన్నా సూస్తే అరవండి. సుట్టూ తిరిగొచ్చి చెప్పేది వద్దు."

"మంద చీల్తాది గదప్పా!" అన్నాడు చెన్నప్ప.

"చీలనీ పెద్దప్పా. చీలిన మందను కలుపుకోవచ్చు."

లక్ష్మక్క లేచి, మూలనున్న కర్ర తీసుకుంది. ఆడవాళ్లు వలస మంద వెంట పోవడం ఆ ఊళ్లో లేదు. "ఎనక నేను నడుస్తా" అంది. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ వేసవి బాగానే గడిచింది. తిప్పయ్యకు తెలియని దారి లేదు, ఎరగని రైతు లేడు. ఏ ఊళ్లో ఏ బాయి ఎండిపోతుందో, ఎవరు ఎరువు కోసం పొలంలో మంద నిలుపుకుని గింజలు పెడతారో అంతా అతనికి తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. రాత్రిళ్లు అదే గుర్తొచ్చి మనసు కుంగేది. ఇంత తేలికైన పనికా తాను అంత భయపడింది?

తిరుగు దారిలో మళ్లీ నల్లరాళ్ల వంక వచ్చింది. చెన్నప్పను కొన్ని గొర్రెలతో ముందే అవతలి గట్టుకు పంపాడు. తిప్పయ్య వంక నడుమ ఉన్నాడు, లక్ష్మక్క ఇవతలి గట్టు మీద ఉంది. ఉన్నట్టుండి ఆమె కేక వినపడింది.

"నీళ్లు! తిప్పయ్యా, నీళ్లొచ్చినాయి, పైకెక్కు!"

తిప్పయ్య ఆలోచించలేదు. పిలుస్తూ మందను ఇవతలి గట్టుకే తిప్పాడు. సగం అతని వెంట వచ్చాయి, సగం బెదిరి అవతలికి, దిగువకు, ముళ్లకంపల్లోకి పరిగెత్తాయి. ఒక పిల్ల రాళ్లలో పడి కాలు విరగ్గొట్టుకుంది. గట్టెక్కి చూస్తే మలుపు దగ్గర సుడిగాలి, ఎర్రదుమ్మునీ ఎండుటాకులనీ లేపుకుని వస్తోంది. నీళ్లు లేవు. చుక్క కూడా లేదు.

లక్ష్మక్క మొహం పాలిపోయింది. విరిగిన కాలుకు పుల్లలు కడుతున్న తమ్ముడి పక్కన వచ్చి కూర్చుంది.

"గాలి రా. నీళ్లనుకుంటి. ఊరికే అరిస్తి."

"మంచి పని జేసినావక్కా. మళ్లా అనుమానమొస్తే మళ్లా అరువు."

ఆమె వంకలోకి చూస్తూ అడిగింది.

"ఆ పొద్దు నువ్వు గూడా అరిచింటే, అది నీళ్లు గాకుండా గాలే అయ్యింటే, మీ బావ నిన్నేమనింటాడనుకున్యావు?"

తిప్పయ్య చేతులు ఆగాయి. నాయన తిట్లు, చేను యజమాని తిట్లు ఇన్నేళ్లూ అతని చెవుల్లో ఉన్నాయి. గంగప్ప తిట్టు ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

"నవ్వింటాడు" అన్నాడు.

"అంతే రా. నవ్వింటాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిప్పయ్య పిల్లను అక్క ఒడిలో పెట్టి లేచాడు. చెల్లాచెదురైన గొర్రెలు అవతలి గట్టు దాకా చుక్కలు చుక్కలుగా కనపడుతున్నాయి. గట్టు చివర నిలబడి, రొమ్ము నిండా గాలి పీల్చి పిలిచాడు. ఎక్కడి గొర్రెలు అక్కడ తలలెత్తాయి. అవతలి గట్టు నుంచి చెన్నప్ప కర్ర ఎత్తి ఊపాడు.

"వినబడ్తాండాది లేప్పా! తోలుకొస్తాండా!"

తిప్పయ్య మళ్లీ పిలవలేకపోయాడు. చెన్నప్ప నిలబడింది వంకకు ఆ దరి, అంత దూరానికీ తన గొంతు వినపడింది. గంగప్ప ఆ రోజు ఉన్నది ఇంకా ఇటు, వంక నడుమనే.