దయ్యం అనని మాట

“ఎలా ఉంది?” అని మా ఆయన అడిగేది ఎప్పుడూ స్కూటర్ స్టాండు తీసేటప్పుడే. సినిమా హాల్లో అడగరు, మెట్ల మీద అడగరు. చుట్టూ వేరే పత్రికల వాళ్లుంటారు కదా. వెనక సీట్లో కూర్చుని నేను చెప్పడం మొదలుపెడితే ఇల్లు చేరేసరికి సమీక్ష సగం తయారవుతుంది. మిగతా సగం నేను కుక్కర్ పెడుతుంటే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని రాసుకుంటారు. ఆదివారం పేపర్లో ఆయన పేరు, పక్కన ఆయన ఫొటో వస్తాయి. ఫొటోలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు ఉంటారు. ఆ ఫొటో తీసింది కూడా నేనే.

పెళ్లయిన కొత్తలో “నువ్వు పక్కనుంటేనే నాకు సినిమా ఎక్కుతుంది” అంటే ప్రేమనుకుని మురిసిపోయాను. అసలు సంగతి తెలియడానికి ఏడాది పట్టింది. ఫైటింగులొస్తే ఆయనకి చేయాల్సిన ఫోన్లు గుర్తొస్తాయి. దయ్యమొస్తే కళ్లు మూసుకుంటారు. ప్రేమ మొదలైతే నిద్రపోతారు. అబద్ధమెందుకు, పాటలు మాత్రం శ్రద్ధగా చూస్తారు. తొమ్మిదేళ్లుగా నా శుక్రవారం ఉదయాలన్నీ ఇలాగే పోయాయి. నేను పళ్ల డాక్టరమ్మ దగ్గర పనిచేస్తాను. పేర్లు రాసుకోవడం, ఒక్కొక్కరినీ లోపలికి పిలవడం, పనిముట్లు కడగడం నా పని. శుక్రవారం పూట మానేస్తాను కాబట్టి బదులుగా ఆదివారం వెళ్లి అల్మారాలన్నీ తుడిచి వస్తాను. “మా కోడలికి సినిమాల పిచ్చి, వారం తిరిగేసరికి హాల్లో ఉండాల్సిందే” అని అత్తగారు ఫోన్లో వాళ్ల చెల్లెలికి చెబుతుంటే చాలాసార్లు విన్నాను. కొడుకు వెళ్తే డ్యూటీ, కోడలు వెళ్తే షికారు.

సోమవారం డాక్టరమ్మ ఆ సమీక్షను పైకి చదువుతుంది. “మీ ఆయన ఆడవాళ్ల మనసు ఎంత బాగా పట్టుకుంటారమ్మా, అదృష్టవంతురాలివి” అంటుంది. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న మనిషి తలాడించలేక కళ్లతోనే ఔనంటాడు. నేను దూది అందిస్తాను. నిజం చెప్పాలంటే కొన్నాళ్లు నాకు లోలోపల గర్వంగానే ఉండేది. ఒకరోజు మాత్రం ఆయన ఏమేం మార్చారో చూద్దామని పేపరు మీద వేలు పెట్టి వాక్యం వాక్యం చదివాను. ఏమీ మార్చలేదు. ‘నాకు’ అన్న మాట ఒక్కటే తీసేశారు. నేను ‘నాకు జాలేసింది’ అంటే అచ్చులో ‘జాలేస్తుంది’ అని ఉంది. ఎవరికి వేస్తుందో లేదు. మన భాషలో ఆ సౌకర్యం ఉంది, మనిషిని తీసేసినా వాక్యం కూలిపోదు. ఆ రోజు ఏడుపొచ్చింది. అడిగితే “మనిద్దరి మధ్య నీదీ నాదీ ఏమిటి?” అన్నారు. వినడానికి ఎంత బాగుందో ఆ మాట. మడతపెట్టాల్సిన బట్టలు ముందేసుకుని కూర్చున్నాను. పేరూ ఫొటో నాకక్కర్లేదు. నాకు అనిపించింది నాకే అనిపించిందని ఒక్కరికైనా తెలియాలి, అంతే.

మొన్న శుక్రవారం సినిమాలో ఫైటింగులు, దయ్యం, ప్రేమ మూడూ ఉన్నాయి. అంటే మా ఆయన చూడగలిగింది ఏమీ లేదన్నమాట. కథానాయకుడు ఒట్టి భయస్తుడు. అతన్ని కాపాడబోయి సగం సినిమాకే భార్య చచ్చిపోతుంది. అక్కణ్ణించి దయ్యమై అతని వెనకే తిరుగుతుంది. అతను చెయ్యెత్తితే చాలు, గుద్దు తగలకముందే ఆమె రౌడీని ఎత్తి గోడకేసి కొడుతుంది. అతను తన పిడికిలి చూసుకుని మీసం మెలేస్తాడు. ఊరంతా అతన్ని భుజాలకెత్తుకుంటుంది. ఆమె ఒక మూల జుట్టు విరబోసుకుని నిలబడి అది చూసి సంతోషిస్తుంది. ఆ దయ్యం మొహం చూసి హాలంతా కేకలు పెట్టింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. చచ్చాక కూడా పని తప్పలేదు తల్లికి అనుకున్నాను. ఆపుకోలేక పైకే నవ్వితే మా ఆయన కళ్లు తెరవకుండానే “అందరూ చూస్తారు” అని గొణిగి నా భుజం మీద తల సర్దుకున్నారు.

ఇంకో పావుగంటలో అయిపోతుందనగా అత్తగారు ఫోన్ చేశారు. గ్యాస్ లైటర్ కనిపించడం లేదు, పాలు కాచాలి అన్నారు. ఆయన తల కింద నా సంచి పెట్టి వరండాలోకి వచ్చాను. ఆ డబ్బా వెనక కాదత్తయ్యా, పక్క డబ్బా వెనక అని వంటిల్లంతా ఫోన్లోనే తిప్పి చూపించేసరికి హాల్లో లైట్లు వెలిగాయి. లైటర్ ఆవిడ చేతి పక్కనే ఉందట. మా ఆయన సంచి పట్టుకుని కళ్లు నులుముకుంటూ బయటికొచ్చారు.

స్టాండు తీస్తూ “ముగింపు ఎలా ఉంది?” అన్నారు. నేను చూడలేదు, మీ అమ్మగారు ఫోన్ చేశారు అని చెప్పబోయాను. ఆ మాట గొంతు దాటకముందే “త్వరగా చెప్పు, సాయంత్రంలోగా పంపాలి” అన్నారు. ఎందుకో ఒళ్లు మండింది. అప్పుడు నా నోటివెంట ఒక ముగింపు వచ్చేసింది. చివరి ఫైటింగులో అతను చెయ్యెత్తుతాడండీ, ఎవరూ ఎగిరిపడరు. వెనక్కి చూస్తాడు. ఆమె మెట్ల మీద కూర్చుని జుట్టు ముడేసుకుంటూ ఉంటుంది. ‘ఇక్కడే ఉన్నాను, ఈసారి నువ్వే కొట్టు’ అంటుంది. అంతే, అక్కడితో అయిపోతుంది. చెబుతుంటే అబద్ధమాడుతున్నానన్న భయం కొంత, ఆ మెట్ల మీద ఆమె అంత హాయిగా కూర్చున్నందుకు సంతోషం కొంత. ఆయన “పర్లేదే, దర్శకుడికి బుర్ర ఉంది” అన్నారు.

ఆదివారం ‘ఈసారి నువ్వే కొట్టు’ అన్న మాటే పెద్ద అక్షరాలతో శీర్షికగా వచ్చింది. సోమవారం డాక్టరమ్మ చదవలేదు. కుర్చీలో మనిషి లేనప్పుడు నన్ను పిలిచి, నిన్న తను సినిమాకి వెళ్లానని, అందులో అలాంటిదేమీ లేదని మెల్లగా చెప్పింది. అసలు సినిమాలో ఆ దయ్యం భర్త కాళ్లకు మొక్కి, అతను ఒంటరివాడు కాకూడదని ఇంకో అమ్మాయి ఒంట్లోకి దూరి మళ్లీ పెళ్లి చేసుకుంటుందట. “ఆ మాట కోసం చివరిదాకా ఎదురుచూశానమ్మా. లేకపోయేసరికి దిగులేసింది” అంది. పాపం, ఆ సినిమా తీసినవాళ్లకి నేను అన్యాయమే చేశాను. ఆ ముగింపు తెలిశాక మాత్రం నాది వెనక్కి తీసుకోవాలనిపించలేదు. “అది నా మాటండీ. నాకే అనిపించింది” అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, “మిగతావి కూడానా?” అంది. తలూపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను ఇల్లు చేరేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు. పొద్దుటినుంచీ పాఠకుల ఫోన్లట, ఎడిటర్ అందరి ముందూ నిలబెట్టి సినిమా చూశావా లేదా అని అడిగారట. “నా పరువు తీశావు” అని నా మీద ఎగిరారు. అత్తగారు గదిలోంచి, పనిగట్టుకుని హాలుకెళ్లి చూడకుండా ఏం చేసిందట అన్నారు. లైటర్ వెతికానని చెప్పాను.

“చూడకపోతే చూడలేదని చెప్పొచ్చు కదా?” అన్నారాయన.

“మీరు కూడా చెప్పొచ్చు కదండీ.”

ఆయన మొహం చిన్నబోయింది. నాకు జాలేసింది. తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి, మరి వెయ్యదా? కాళ్లు కడుక్కుని వచ్చి కుక్కర్ స్టవ్ మీద పెడుతుంటే ఆయన ఎప్పటిలాగే వంటింటి గుమ్మంలోకి కుర్చీ లాక్కున్నారు. ఒళ్లో కాగితాలు, చేతిలో కలం. ఇక ఇలా చెప్పడం ఇదే ఆఖరుసారి అని నాలో నేను తేల్చుకుంది ఆ కుర్చీ చప్పుడుకే.

“సరే, అయ్యిందేదో అయ్యింది. రేపటికి సవరణ వెయ్యాలట. రెండు ముక్కలు చాలు. హుందాగా ఉండాలి. చెప్పు” అన్నారు.

స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

“రాసుకోండి. నేను ఈ సినిమా చూడలేదు.”

ఆయన ‘నేను’ దాకా రాసి తలెత్తారు. “నేను అంటే ఎవరు? నువ్వా, నేనా?”

“కింద ఎవరి పేరుంటే వాళ్లు” అన్నాను.