వైద్యుడి పథ్యం

ముప్పై ఏళ్లుగా వీధిలో ఎవరికి పడిశం పట్టినా కషాయం కాచి పోసిన వైద్యుడికి, ఆఖరికి తనకే పట్టింది. అలాంటిలాంటి పడిశం కాదు. మొదటి తుమ్ముకి గోడమీది క్యాలెండరు రెండు నెలలు ముందుకు పోయింది. రెండో తుమ్ముకి బల్ల మీద కూర్చున్న రోగుల్లో ఒకడికి జ్వరం అదిరిపడి దిగిపోయిందని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

చిక్కు తుమ్ములతో కాదు, ఎదురుగా మాత్రల దుకాణం పెట్టుకున్న బామ్మర్దితో. వాడు కుర్చీ గుమ్మంలోకి లాక్కుని మరీ లెక్కేస్తున్నాడు.

"పదిహేడు, బావా. మాత్ర పంపించనా? అక్క మొహం చూసి ఊరికే ఇస్తాలే."

"నీ మాత్ర నువ్వే మింగు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు ఇంట్లో ఉండగా నాకేం లోటురా?"

అదే పడిశంతో, కాలే ఒంటితో వచ్చిన బస్సు డ్రైవరు అనుమానంగా చూశాడు.

"మీకే పట్టిందంటే, ఆ కషాయం మాకేం పనిచేస్తుందండీ?"

బల్ల మీది ఆరుగురూ వైద్యుడి వంక చూశారు. ఇప్పుడు నీళ్లు నమిలితే రేపు ఆరుగురూ రోడ్డు దాటేస్తారు.

"అయితే ఇద్దరం ఒకటే మందు తాగుదాం. ఇవాళ లంఘనం, రేపట్నుంచి పల్చటి గంజి. తాగేది వేణ్ణీళ్లే. పూటకో గ్లాసు కషాయం. పెరుగు ముట్టకూడదు. మూడో రోజుకీ జ్వరం దిగకపోతే పెద్దాసుపత్రికి పోవాల్సిందే."

తన కషాయం తాను తాగడం వైద్యుడికి అదే మొదలు. గొంతు దిగేసరికి పోయిన తాతలందరూ వరసగా కళ్లముందు నిలబడ్డారు. ఇన్నాళ్లూ దీన్ని నవ్వుతూ చేతికిస్తుంటే ఒక్కరూ తనని కొట్టలేదంటే, ఈ వీధివాళ్లు ఎంత మంచివాళ్లో అప్పుడు తెలిసింది.

మూడో రోజు డ్రైవరు ఈల వేసుకుంటూ వచ్చాడు. వైద్యుడు దుప్పట్లోంచి తుమ్ముతున్నాడు.

బామ్మర్ది రోడ్డు దాటి వచ్చాడు.

"పడిశం మందేస్తే వారం, మానేస్తే ఏడు రోజులు. ఈయనది దానంతటదే పోయింది. నీ కషాయంలో పసే ఉంటే నీకెందుకు పోలేదు బావా?"

బల్ల మీద గుసగుసలు లేచాయి. ఒక ముసలమ్మ చెప్పులు వెతుక్కుంటోంది. వైద్యుడు దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. పరువు పోతే తనది పోవాలి గానీ, తాతలనాటి మందుది పోకూడదు.

"మందు తప్పు కాదు," అన్నాడు ముక్కు చీది. "మధ్యాహ్నం మా ఆవిడ కునుకు తీసినప్పుడల్లా పెరుగు తిన్నాను."

"ఎంత?" లోపల్నుంచి భార్య గొంతు.

"గిన్నెడు."

"గిన్నెడా? పిల్లి పని అనుకుని దాన్ని రెండు రోజులుగా గడప తొక్కనివ్వలేదు, పాపం."

బల్లంతా ఘొల్లుమంది. ముసలమ్మ మళ్లీ కూలబడింది.

"నువ్వే నయం నాయనా. పోయిన నెల నువ్వు లంఘనం అన్నావు, నేను నాలుగు అరటిపళ్లు మింగాను. చెప్తే కసురుతావని ఊరుకున్నాను."

"నేనైతే కషాయం కిటికీలోంచి పారబోశాను," అన్నాడు దర్జీ. "కింద మొక్క ఇప్పుడు మేడెక్కింది."

వైద్యుడు నోరు తెరిచి విన్నాడు. బామ్మర్ది కళ్లు తుడుచుకున్నాడు.

"మరి ఇన్నేళ్లూ ఎవరికి దేనివల్ల తగ్గినట్టు బావా?"

"అది తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ గ్లాసు ఇటివ్వవే."

ఆవిడ గ్లాసు అందించి, నడుంమీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. ఈసారైనా పథ్యం నిలుస్తుందో లేదో చూసిపోదామని బల్ల మీద ఒక్కరూ కదల్లేదు.