యామిని తీసిన నాలుగు సెకన్లు

నరసన్నపేటలో ఫోటో స్టూడియో నడిపే జగన్నాధానికి ఒక్కతే కూతురు, యామిని. 2016 వానాకాలంలో పదకొండేళ్ల ఆ పిల్ల డెంగీ జ్వరంతో పోయింది. అంతకు వారం ముందే ప్లాస్టిక్ ఇటుకలతో బస్సు కట్టి, ఒక చిన్న బొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ ఫోన్‌తో ఫోటోలు తీసింది. వాటిని వరసగా నడిపిస్తే సినిమా అవుతుంది. నలభై ఫోటోల దగ్గర ఆగిపోయింది.

రెండు నెలల తర్వాత జగన్నాధం దాన్ని పూర్తి చెయ్యడానికి కూర్చున్నాడు. కూతురికి తాను నేర్పినట్టే ఫోన్ కదలకుండా కట్టాడు. వెలుతురు మారకుండా కిటికీ మూసి, ఒకటే లైటు వేశాడు. బొమ్మను ప్రతిసారీ బియ్యపుగింజంత జరుపుతూ బస్సెక్కించాడు. మరో నలభై ఫోటోలయ్యాయి.

సాయంత్రం భార్య ఈశ్వరికి చూపించాడు. ఎనిమిది సెకన్లలో అయిపోయింది.

"సగం దాకా మన పిల్ల తీసింది, తర్వాతది నువ్వు తీసినావు," అంది ఆమె.

"ఎలాగ తెలిసిందే?"

"మొదట బొమ్మ గెంతుతన్నాది. ఆ పిల్లకి నిదానం ఎక్కడున్నాది?"

బొమ్మను అంతంత జరపొద్దని కూతుర్ని ఎన్నిసార్లు కసిరాడో జగన్నాధానికి గుర్తొచ్చింది. తాను తీసిన ఫోటోలన్నీ చెరిపేశాడు.

"మళ్లీ ఎయ్యి," అంది ఈశ్వరి.

"నాలుగు సెకన్లే ఉన్నాది."

"ఉండనీ."

వేశాడు. అది ఆగగానే ఆమె మళ్లీ వేలితో నొక్కింది.