రెండు ఇత్తడి బిళ్ళలు

టికెట్లన్నీ కోడలి దగ్గరే ఉండాలి. అది ఆ ఇంట్లో చట్టం. ఎవరు చేశారయ్యా ఆ చట్టం అంటే, కోడలే చేసింది. ఆసుపత్రి కౌంటర్లో కూర్చుని పొద్దస్తమానం చీట్లు ఇచ్చి పుచ్చుకునే మనిషి. ఇంకొకరి చేతిలో చిన్న కాగితం ముక్క కనిపిస్తే చాలు, లాక్కునేదాకా ఊరుకోదు. పైగా అత్తగారి సంగతి తెలిసిందే. ఒకసారి రైల్లో చాక్లెట్ కాగితం అనుకుని టికెట్టే ఉండచుట్టి కిటికీలోంచి విసిరేసింది మహాతల్లి.

అందుకే అత్తాకోడళ్ళిద్దరూ ఓ సముద్రపు ఊళ్ళో పాత కోట చూడబోయినప్పుడు, గేటు దగ్గర ముసలి కాపలాదారు చెరో ఇత్తడి బిళ్ళ ఇస్తే, కోడలు రెండూ తీసుకుని తన సంచిలో పడేసుకుంది. అత్తగారి ఫోనూ, గొడుగూ, తిరుగు బస్సు టికెట్లూ అప్పటికే అందులో ఉన్నాయి.

"ముప్పై ఒకటో నంబరే! నాది నన్నుంచుకోనీ, ముద్దుగా ఉంది," అంది అత్తగారు.

"మీ దగ్గరుంటే సముద్రంలో ఉన్నట్టే అత్తయ్యా."

కాపలాదారు నవ్వాడు. "జాగ్రత్తమ్మా. మా ప్రాణమంతా ఆ బిళ్ళల్లోనే ఉంది."

కోట ఒడ్డుకి ఎడంగా రాతిగుట్ట మీద ఉంది. నీళ్ళ మధ్యనుంచి రాళ్ళు పరిచిన బాట, పక్కనే పట్టుకోవడానికి గొలుసు. పోటొస్తే బాట మునిగిపోతుంది. ఒడ్డునే, గేటు పక్కన కాపలాదారు గదిలో గోడకి నలభై మేకులున్న చెక్క ఉంది. వెళ్ళేవాళ్ళకి బిళ్ళ ఇస్తాడు, వచ్చేవాళ్ళ దగ్గర తీసుకుంటాడు. అన్నీ మేకులకెక్కితే కోట ఖాళీ అయినట్టు, ఐదున్నరకి తాళం. మనుషుల్ని లెక్కపెట్టడు. వాళ్ళ నాన్నా లెక్కపెట్టలేదట.

కోటలో ఫిరంగులు చూశారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దీపస్తంభం ఎక్కారు. పైకెక్కాక దూరం ఆనక అత్తగారు ముక్కు తడుముకుంది. కళ్ళజోడు లేదు! మధ్యాహ్నం ఊళ్ళోని మ్యూజియంలో, సీసాలో దూర్చిన బుల్లి ఓడని దగ్గర్నుంచి చూడ్డానికని తీసి డబ్బాలో పెట్టి, ఆ డబ్బా అక్కడే వదిలేసింది.

"ఐదింటికి మూసేస్తారు. నువ్వు పరిగెత్తవే. నేను మెల్లిగా దిగి గేటు దగ్గరుంటా," అంది.

"అందుకే ఏదీ మీ చేతికివ్వను," అని కసిరి కోడలు దిగింది. ఆ కసురు ఆ తర్వాత ఆమెని చాలాసేపు పీడించింది.

గేటు దగ్గర ఏదో యాత్రా బృందం గుంపుగా బయటికొస్తోంది. అందరూ బిళ్ళలు రేకు డబ్బాలో వేసేస్తున్నారు. కోడలూ సంచిలో చెయ్యి పెట్టి, చేతికందినవి అందులో వేసి పరుగు తీసింది. మ్యూజియంలో బీరువా తాళం పట్టుకున్న మనిషి ఎటో వెళ్ళాడు. అతనొచ్చి కళ్ళజోడు ఇచ్చేసరికి ఐదుంపావు దాటింది. ఆయాసపడుతూ వచ్చేసరికి ఐదున్నర దాటింది, కోట గేటుకి తాళం.

"బాబాయ్, మా అత్తగారేరీ?"

"వచ్చేసే ఉంటారమ్మా. చెక్క నిండిందిగా."

నిజమే. ముప్పై ఒకటి దాని మేకుకే వేలాడుతోంది. హమ్మయ్య అనుకుంది. బస్టాపుకి వెళ్ళింది, లేదు. గవ్వల దుకాణం, లేదు. ఒడ్డున బెంచీలన్నీ చూసింది. ఎక్కడికి పోయినట్టు ఈవిడ? కళ్ళజోడు లేకపోతే మెట్టుకీ నీడకీ తేడా తెలీదే! అత్తగారికి ఫోను చేసింది.

తన సంచిలోనే మోగింది.

చెయ్యి పెట్టి తీసింది. ఆ చేతికి బిళ్ళలు తగల్లేదు. ఒక్కటీ లేదు.  ముప్పై ఒకటి తన సంచిలో ఉంటే అత్తగారు దాన్నెలా ఇస్తుంది? ఎవరిచ్చారు?

చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

"తియ్యండి తాళం! ఆవిడ లోపలే ఉంది!"

"చెక్క నిండిందమ్మా, నేనే..."

"ఆ చెక్క నింపింది నేను! రెండూ నేనే వేసేశాను!"

ముసలాయన గేటు దగ్గరికి ఉరికాడు. తాళంచెవి రెండుసార్లు జారింది. గేటు తీసేసరికి బాట కనపడ్డం లేదు, గొలుసొక్కటే నీళ్ళ మీద తేలినట్టుంది. దాన్ని పట్టుకుని ముందాయనా వెనక కోడలూ దిగారు. మోకాలు దాటింది నీరు. "అత్తయ్యా!" అని అరిచింది. గాలి ఆ కేకని అక్కడే మింగేసింది. మొగుడికి ఏం చెప్పాలి అన్న ఆలోచన ఒక్కసారే వచ్చి పోయింది. మిగిలిందంతా ఒకటే మొర: ఆవిడ ఉండాలి, తిట్టనీ కొట్టనీ, ఉంటే చాలు.

కోట గుమ్మం పక్కకి తిరిగి ఉంటుంది, ఒడ్డు నుంచి కనపడదు. మలుపు తిరగ్గానే అత్తగారు. చెప్పులు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద దర్జాగా కూర్చుని ఉంది. నీళ్ళు రెండు మెట్ల కిందున్నాయి.

"వచ్చావా? కళ్ళజోడు దొరికిందా?"

కోడలికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "భయం వెయ్యలేదా మీకు?"

"దేనికే భయం? తడుముకుంటూ దిగేసరికి ఆలస్యమైంది, నీళ్ళు తగిలాయి, కూర్చున్నా. నా బిళ్ళ నీ దగ్గరుందిగా. అది మేకుకెక్కకుండా ఈయన తాళం వెయ్యడు. ఒకవేళ వేసినా నువ్వు ఊరుకుంటావా?"

కాపలాదారు నోరు తెరిచి, కోడలి వంక చూసి మూసేశాడు. ఆయన చెప్పడు. కోడలు తలూపి ఊరుకుంటే అక్కడితో సరి. ఆమె వల్ల కాలేదు.

"నేనే ఇచ్చేశాను అత్తయ్యా. నాతోపాటు మీదీ వేసేశాను. తాళం వేసేశారు."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. అప్పుడు చూసింది నీళ్ళని. బాట ఉన్న చోటూ లేని చోటూ ఒకటే అయిపోయిన నీళ్ళని. ఒక మెట్టు పైకి జరిగింది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ గొలుసు పట్టుకుని ఒడ్డుకొచ్చారు.

బస్టాపులో తడిబట్టలతో నిలబడ్డారు. బస్సు దీపాలు కనపడగానే కోడలు సంచిలోంచి టికెట్లు తీసింది. అత్తగారు చెయ్యి చాపింది.

"నాది నాకివ్వు."

ఇచ్చింది. చాపిన చెయ్యి అలాగే ఉంది.

"నీది కూడా."

కోడలు అదీ ఇచ్చింది. అత్తగారు రెండూ కలిపి మడిచి, కళ్ళజోడు డబ్బాలో పెట్టి, టప్పున మూసింది.