నూట నలభై సున్నాలు

"షారన్, అన్నం పొంగతా ఉండాది చూడు" అని వరండాలోంచి మా అత్తయ్య నా కూతురికి కేకేసింది. నేను పడగ్గదిలో లాప్‌టాప్ ముందున్నాను. ఇంకో పావుగంటలో మీటింగ్. పిల్లల సంక్షేమం మీద పనిచేసే మనీలా, నైరోబీ, లిస్బన్ పరిశోధన కేంద్రాలూ, నెల్లూరులోని మా చిన్న కేంద్రమూ కలిసి బాలకార్మికుల మీద చేసిన సర్వేని ఈ రోజు ఖాయం చేస్తాం. నాలుగు చోట్లా అవే ప్రశ్నలు, అవే గడులు. తర్వాత నివేదిక ప్రభుత్వాలకు వెళ్తుంది.

సముద్రం ఒడ్డున జువ్వలదిన్నెలో ఆడపిల్లలున్న నూట నలభై ఇళ్ళు నేనే తిరిగాను. "మీ పాప పని చేస్తుందా?" అని ప్రతి తల్లినీ అడిగాను. "పనేందమ్మా, బడికి పోతాది. ఇంట్లోనే ఉంటాది" అంది నాగులమ్మ. అప్పుడు ఆమె కూతురు చంకలో తమ్ముణ్ణి పెట్టుకుని ఇసుక మీద ఎండబెట్టిన చేపలు తిరగేస్తోంది. చూస్తూనే పని గడిలో సున్నా వేశాను. అన్ని ఇళ్ళలోనూ అంతే. నా చేతికి ఆ సున్నా అలవాటే; నేను పుట్టిన ఇంట్లోనూ మెట్టిన ఇంట్లోనూ ఆడపిల్ల చేసే చాకిరీని పని అన్నవాళ్ళు లేరు.

నిన్న మా కేంద్రం డైరెక్టరు శివశంకర్ గారు ఫోన్ చేశారు. "మన తీరంలో ఆడపిల్లలకి పనే లేదని లిస్బన్ వాళ్ళు మెచ్చుకున్నారు, ఎవాంజెలిన్. మంచి పేరొచ్చింది." అప్పుడు గుర్తొచ్చింది నాగులమ్మ కూతురు. ఆ సంగతి చెప్పబోతే, "ఇప్పుడేమీ కెలకొద్దు. వచ్చే నెల మీ కాంట్రాక్టు పొడిగింపు కూడా ఉంది కదా" అన్నారు.

పొద్దున మా ఆయన రూఫస్‌కి చెప్పాను. "ఆడపిల్ల అమ్మకి సాయం చేస్తే అదీ పనేనా? ఉన్న ఉద్యోగం పోగొట్టుకోబాక" అని పేపరు తిప్పాడు. ఆ పేజీ చదివి మళ్ళీ అన్నాడు, "ఊరందరి పిల్లల్నీ లెక్కపెట్టేదానికి పోతావు. మన పిల్లకి పరీక్ష ఎప్పుడో తెలుసునా నీకు?" తెలియదు. సిగ్గేసింది. ఆయనకీ తెలియదని తర్వాత తట్టింది. అప్పటికి ఆయన కాఫీ గ్లాసు షారన్ కడిగేసింది.

మీటింగ్ మొదలైంది. షారన్ చప్పుడు కాకుండా అన్నం కంచం తెచ్చి నా పక్కన పెట్టింది. కుడిచెయ్యి వెనక్కి దాచుకుంది.

"ఏమైంది?"

"గంజి వార్చేటప్పుడు పడింది. ఏం కాదులేమ్మా, నువ్వు మాట్లాడుకో."

వేళ్ళు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాను.

"నెల్లూరు నుంచి మార్పులేమీ లేవు కదా?" అన్నారు శివశంకర్ గారు స్క్రీన్ మీద.

మైకు నొక్కాను.

"ఉన్నాయి సార్. నూట నలభై సున్నాలూ తప్పు. వేసింది నేనే. ఆ ఇళ్ళకి మళ్ళీ వెళ్తాను. ముందు మా ఇంటి ఫారం రాసుకోండి. పేరు షారన్, వయసు పదకొండు, పొద్దుట్నుంచి పనిలో ఉంది."