పద్నాలుగేళ్ళ మేనకోడలు

బల్లదీపాన్ని కంప్యూటర్ కడుపులోకి వంచి, మేనమామ రెండో గాడిలో ఉన్న ర్యామ్ ముక్కను బొటనవేలితో పట్టుకున్నాడు. క్లిప్పు నొక్కి దాన్ని వడ్లగింజంత పైకి లేపాలి. ఎక్కువ లేపితే పెట్టె పక్క రేకు విప్పిన ప్రతివాడికీ కనిపిస్తుంది. తక్కువ లేపితే కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు పనిచేసుకుపోతుంది. టిక్కుమని చిన్న చప్పుడయ్యాక వేలు తీసి మీట నొక్కి చూశాడు. ఫ్యాన్లు తిరిగాయి, రంగురంగుల దీపాలు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. పని చక్కగా చెడింది. తృప్తిగా తలూపి రేకు బిగించాడు. అది నాలుగోది. ఇంకొకటి ఉంది.

బాగున్న కంప్యూటర్లను చెడగొట్టి, బాగుచేయండి మహాప్రభో అని కంపెనీలకు ఫోన్ చేయడం అతని ఉద్యోగం. గేమింగ్ కంప్యూటర్లు కొనబోయేవాళ్ళు చదివే పత్రికలో చేస్తున్నాడు. ఏటా ఒకసారి అయిదు కంపెనీల సరుకు మామూలు కొనుగోలుదారుల్లాగే కొనుక్కొచ్చి, పోల్చి, వందకు మార్కులు వేస్తారు. పెట్టిన డబ్బుకు తగ్గ సరుకేనా అన్నదానికి యాభై. ఆ లెక్క పక్కగదిలో తేలుతుంది. ఏ ఆట ఎంత సాఫీగా నడిచింది, పెట్టె ఎంత వేడెక్కింది, ధరెంత, అన్నీ యంత్రాలే చెప్పేస్తాయి. చెడిపోయిన రోజున కంపెనీవాళ్ళు ఎలా పలికారన్నదానికి మిగిలిన యాభై. ఆ యాభై మేనమామ చేతిలో ఉంటుంది. పక్షపాతం అన్న మాట రాకుండా పెట్టెల మీద పేర్లు కనబడకుండా రంగు పట్టీలు అంటిస్తారు. అందువల్ల ఆ గదిలో ఎర్ర, తెల్ల, ఆకుపచ్చ, నీలం, పసుపు అనే కంపెనీలే ఉన్నాయి.

అందరికీ ఒకటే కథ చెప్పాలి. "నమస్కారమండీ. మా మేనకోడలికి పద్నాలుగేళ్ళు. దానికోసం మీ గేమింగ్ కంప్యూటర్ కొన్నాను. మీట నొక్కితే దీపాలు వెలుగుతున్నాయి గానీ తెరమీద ఏమీ రావట్లేదు. నాకు వీటి సంగతి తెలీదు. ఏం చెయ్యమంటారు?" పదకొండేళ్ళ కిందట రాసుకున్న ఈ మాటల్లో అక్షరం మారడానికి వీల్లేదు. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా చెబితే పోలిక చెల్లదు. ఆ కథవల్లే ఆఫీసంతా అతన్ని మేనమామ అంటుంది. నిజానికి అతనికి అక్కా లేదు, చెల్లీ లేదు. "ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మీరు తోబుట్టువు లేకుండానే మేనకోడల్ని పెంచుతున్నారు. దాని కంప్యూటర్‌కి చూపించే శ్రద్ధ మనింటి మిక్సీకి చూపిస్తే బాగుణ్ణు" అని ఆ ఉదయం కూడా భార్య దెప్పింది. మిక్సీ మూడు వారాలుగా మూలనే ఉంది.

అయిదో పెట్టె చెడగొడుతుండగా సంపాదకురాలు తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. అతనికన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, మాట సూటిగా ఉంటుంది.

"మేనమామ గారూ, సాయంత్రానికి పేజీలు మూసేయాలి. ఇవాళే అయిదూ అయిపోవాలి."

"అయిపోతాయమ్మా."

"ఇంకో సంగతి. మీకు చెప్పకూడదేమో కూడా. పసుపువాళ్ళు ఈసారి సేవలో మూడో స్థానం దాటి కిందికి పోతే ఫోన్ గది ఎత్తేస్తారంట. మనుషులుండరు, ఇక రికార్డు చేసిన గొంతే."

"మరి నాకెందుకు చెప్పారు?"

"ఏమో. ఒక్కదాన్నే మోయలేకపోయాను" అని ఆమె వెళ్ళిపోయింది.

మేనమామ అయిదో పెట్టె రేకు బిగించాడు. పసుపు కంపెనీ అనగానే అతనికి ఒక దగ్గు గుర్తొస్తుంది. అక్కడ ఏటా ఫోన్ ఎత్తేది ఒక పెద్దాయనే. మాటకు ముందు చిన్నగా దగ్గుతాడు. ఆయన సమాధానం ఎప్పుడూ సరైనదే, కానీ ఎప్పుడూ ఆలస్యమే. ఫోన్ పది నిమిషాలు దాటితే నిమిషానికొక మార్కు కోయాలన్నది నియమం. పదకొండేళ్ళుగా మేనమామ ఆయన మార్కులు కోస్తూనే ఉన్నాడు.

ఫోన్లో అవతల ఉన్నవాళ్ళను సొంత ప్రశ్నలు అడగకూడదన్నది ఇంకో నియమం. ఈ నియమం అతనికి అన్నిటికన్నా కష్టంగా ఉండేది. వాళ్ళు ఎలాంటి గదిలో కూర్చుంటారు? కిటికీ ఉంటుందా? రోజుకు ఎన్ని తిట్లు తింటారు? వెనకాల కుర్చీ కిర్రుమన్నా, వాన చప్పుడు వినిపించినా మార్కుల కాగితం అంచున రాసుకునేవాడు. ఆ రాతలను ఎవరూ అడగలేదు, అతనూ పారేయలేదు. అన్నిటికన్నా పెద్ద నియమం చివరిది. అవతలివాళ్ళు గొంతు గుర్తుపడితే ఆ ఫోను చెల్లదు. గుర్తుపట్టబడిన గొంతు మళ్ళీ ఏ కంపెనీకీ ఫోన్ చేయకూడదు. మేనమామకు ఆ పత్రికలో గొంతు తప్ప వేరే పని లేదు. ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్ళుంది.

ఎర్ర కంపెనీతో మొదలుపెట్టాడు. పక్కగది లెక్కల్లో అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ విలువ అదే. ఫోన్లో ఒకరు ఇంకొకరికి, ఇంకొకరు మరొకరికి అప్పగించారు. మూడో మనిషి కంప్యూటర్లో ఉన్నదంతా చెరిపేయమన్నాడు. తెరే రానిదాన్ని ఎలా చెరపాలో చెప్పేలోగా లైన్ తెగిపోయింది. పిండి కొద్దీ రొట్టె అనుకుని పన్నెండు మార్కులు వేశాడు. ఆకుపచ్చ కంపెనీ అమ్మాయి గలగలా మాట్లాడింది. ఏడు నిమిషాల్లో ర్యామ్ నొక్కించి, పనిలోపనిగా రెండేళ్ళ అదనపు వారంటీ కూడా అంటగట్టబోయింది. అందుకు అయిదు కోసి నలభై అయిదు వేశాడు. తెల్ల కంపెనీ నాలుగు రోజుల్లో మనిషిని పంపుతామంది. ముప్పై ఎనిమిది. నీలం కంపెనీలో మనిషే లేడు. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అంటూ రికార్డు గొంతు తిప్పించి తిప్పించి చివరికి ఫోనుకు ఒక బొమ్మ పంపింది. బొమ్మలో ర్యామ్ మీద బాణం గుర్తుంది. ఏడిపించినా పని జరిగింది కనుక ముప్పై అయిదు పడ్డాయి.

డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిని, చెయ్యి కడుక్కుని, హెడ్‌సెట్ పెట్టుకుని పసుపు కంపెనీకి ఫోన్ చేశాడు. గడియారం నొక్కాడు. మూడో రింగుకు దగ్గు వినిపించింది.

"చెప్పండి, వింటున్నాను."

మేనమామ కథ చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంచాడు. త్వరగా చెప్పవయ్యా, ఈ ఒక్కసారి త్వరగా చెప్పు అని లోపల మొక్కుకున్నాడు.

"ముందు ప్లగ్గు తీసెయ్యండి. తీశారా? కాలిన వాసనేమైనా వస్తోందా? అమ్మాయి దగ్గర్లో ఉంటే లోపల చేతులు పెట్టొద్దనండి."

నిదానమే ప్రధానం అన్నట్టు ఆయన ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. నేలమీద పెట్టారా, బల్లమీదా? ఈమధ్య ఎవరైనా జరిపారా? తెర తీగ ఏ రంధ్రంలో ఉంది? దాన్ని పీకి మళ్ళీ పెట్టండి. విప్పిన స్క్రూలు ఏదైనా గిన్నెలో వేసుకోండి, దొర్లిపోతాయి. ముందు ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, చేతిలో కరెంటేదైనా ఉంటే పోతుంది. మేనమామ ఏమీ తెలియనివాడిలా "ఏదండీ, ఆ పొడుగ్గా ఉన్నదా?" అని అడిగినప్పుడల్లా ఆయన విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. పది నిమిషాలు దాటాయి. పదిహేను దాటాయి. ఇరవై రెండో నిమిషంలో ఆయన మొదటి గాడి దగ్గరకు, ఇరవై అయిదో నిమిషంలో రెండో గాడి దగ్గరకు వచ్చాడు. తెర వెలిగేసరికి ఇరవై ఆరు. మేనమామ కాగితం మీద ముప్పై నాలుగు వేశాడు. నీలం కన్నా ఒకటి తక్కువ. నాలుగో స్థానం. తన చేత్తోనే ఆ ఫోన్ గది తలుపు మూసినట్టయింది అతనికి.

"వచ్చిందండీ. చాలా థాంక్స్" అన్నాడు, కథలో చివరి మాట.

అవతల దగ్గు, ఆ వెనక చిన్న నవ్వు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీ మేనకోడలికి ఈ పాటికి పాతికేళ్ళు రావాలి కదండీ. ఆ అమ్మాయిని పద్నాలుగు దగ్గరే ఆపేశారేంటి?"

వెంటనే ఫోన్ పెట్టేయాలి. నియమం అదే. మేనమామ చెయ్యి బొత్తాం దాకా వెళ్ళి ఆగిపోయింది. పదకొండేళ్ళుగా అడగకుండా మింగిన ప్రశ్నల్లో ఒకటి పైకి వచ్చేసింది.

"ఎప్పట్నుంచి తెలుసండీ?"

"మూడో ఏడు నుంచి. మీరు నమస్కారం అనగానే తెలిసిపోతుంది. రెండో గాడి అని కూడా తెలుసు."

"తెలిసీ ఇరవై ఆరు నిమిషాలు తిప్పారా నన్ను?" కోపమో ఏడుపో తెలియని గొంతుతో అడిగాడు మేనమామ. "తెలిసినవాళ్ళు రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చుగా! మార్కులన్నీ మీవేగా! మీ గది సంగతి మీకు తెలీదా?"

"తెలుసండీ. పొద్దున్నే చెప్పారు." ఆయన కాసేపు దగ్గాడు. "మీకు రెండు నిమిషాల్లో చెప్తే, మీ మార్కులు చూసి కొన్నవాళ్ళు రేపు ఫోన్ చేస్తారు. వాళ్ళకి ఇరవై ఆరే పడుతుంది. మోసపోయామనుకుంటారు. ప్లగ్గు తీయించకుండా ఎవరిచేతా లోపల చెయ్యి పెట్టించను నేను. మీరైనా అంతే."

 ఇన్నేళ్ళూ తాను కోసిన మార్కులన్నీ కళ్ళముందు తిరిగి మేనమామకు సిగ్గేసింది.

"అసలు ఆ అమ్మాయి ఉందా?" పెద్దాయన అడిగాడు.

"లేదండీ. నాకు తోబుట్టువులే లేరు."

"అయ్యో. ఉందేమోనని సగం ఆశ ఉండేది. పోన్లెండి. అందులో గుర్రం ఆట ఒకటుంటుంది, ఎవరో ఒకరు తెరిచి చూడండి. బాగుపడిందో లేదో ఆడితేనే తెలుస్తుంది. మార్కులంటారా, ఎన్ని వస్తే అన్నే వెయ్యండి."

ఫోన్ పెట్టేశాక మేనమామ కాగితం ముందు కూర్చున్నాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే ముప్పై నాలుగు అలాగే ఉంటుంది, ఫోన్ గది పోతుంది, తన కుర్చీ మిగులుతుంది. నిజం రాస్తే కుర్చీ పోతుంది. అతనికి భయం వేసింది. మిక్సీ కూడా గుర్తొచ్చింది. అయినా ముప్పై నాలుగును అడ్డంగా కొట్టేసి, దాని కింద రాయడం మొదలుపెట్టాడు. సంపాదకురాలి బల్లమీద కాగితం పెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

ఆమె పైకే చదివింది. "ఈ ఫోను చెల్లదు. వారు నా గొంతు తొమ్మిదేళ్ళ కిందటే గుర్తుపట్టారు. లోపం ఎక్కడుందో తెలిసి కూడా, ఏమీ తెలియని మనిషికి చెప్పినట్టే మొదటినుంచీ చెప్పారు. దానివల్ల ఏటా మార్కులు పోగొట్టుకున్నారు. ఈ కంప్యూటర్‌లో ఎర్ర కంపెనీ వాడిన వస్తువులే ఉన్నా ధర కొంచెం ఎక్కువెందుకని పక్కగది అడుగుతోంది. ఆ ఎక్కువ డబ్బు ఫోన్ ఎత్తే మనిషికి వెళుతోంది. అది విలువలో కలపాలో సేవలో కలపాలో పదకొండేళ్ళు చేసినా నాకు తెలియలేదు."

"ఇది రాస్తే రేపట్నుంచి మీకు ఇక్కడ పని లేదు. తెలుసుగా?"

"తెలుసమ్మా. ఆ నియమం రాసినప్పుడు నేనూ ఉన్నాను."

"కొత్త గొంతుతో మళ్ళీ చేయించే టైం కూడా లేదు." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "సరే. మార్కు ఉండాల్సిన చోట ఇదే వేస్తాను, అక్షరం మార్చను. అంకె లేనప్పుడు నాలుగో స్థానం ఎక్కడిది? గది మూసేయాలంటే వాళ్ళు ఇంకో సాకు వెతుక్కోవాల్సిందే."

"వెతుక్కోనీండి. కొంత టైమైనా పడుతుంది" అన్నాడు మేనమామ. ఆమె లేచి నిలబడి అతని చెయ్యి పట్టుకుంది. 

అతను తన గదికి వెళ్ళి ఇంకా బాగుపడని ఎర్ర, తెల్ల కంప్యూటర్ల ర్యామ్‌లు సరిగ్గా నొక్కి, రేకులు బిగించి, డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. పసుపు పట్టీదాని ముందు మాత్రం ఆగాడు. పెద్దాయనకు మాట ఇవ్వలేదు గానీ, ఇచ్చినట్టే అనిపించింది. గుర్రం ఆట వెతికి తెరిచాడు. పదకొండేళ్ళలో అతను ఆట తెరవడం అదే మొదలు. ఏ మీట దేనికో తెలియక గుర్రాన్ని రెండుసార్లు వాగులోకి దింపాడు. మూడోసారి అది గట్టెక్కి కొండ వాలు మీద పరుగెత్తింది. గడ్డి ఒక్కొక్క పరకా ఊగుతోంది. "అబ్బ! ఇందుకా వీళ్ళంతా కొనేది!" అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూశాడు. ఆ తర్వాత కొండ అవతల ఏముందో చూడాలనిపించి అరగంట కూర్చుండిపోయాడు.

వెళ్ళాల్సిన వేళైంది. ఇన్ని కంప్యూటర్లు చెడగొట్టినవాడికి ఆట ఆపడం ఎలాగో మాత్రం తెలియలేదు. రెండు మూడు మీటలు నొక్కి చూసి, వదిలేసి, దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాడు. ఖాళీ గదిలో తెరమీద గుర్రం కొండ వాలున గడ్డిలో నిలబడి, ఎవరో ఎక్కుతారని చూస్తున్నట్టు తోక ఊపుతూ ఉంది.